పరుగు ఆపాక ఇంకో పది నిమిషాలు

విశాఖపట్నం,
మంగళవారం రాత్రి

అమ్మలూ,

ఆదివారం నిన్ను గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చినప్పటి నుంచి ఒకటే విషయం మనసులో మెదులుతోంది. ఫోన్లో చెబితే "సరే నాన్నా" అని వేరే మాటలోకి వెళ్ళిపోతావు. అందుకే రాస్తున్నాను.

ఆ పొద్దున్న బీచ్ రోడ్డులో ఎంత బాగా పరిగెత్తావో! నేను వెనకాల నడుస్తూ చూస్తూనే ఉన్నాను. కురుసుర సబ్‌మెరైన్ దగ్గరికి రాగానే వాచీ నొక్కి, అక్కడికక్కడే ఆగి గట్టు మీద కూలబడ్డావు. నేను చేరేసరికి నీ పెదాలు పాలిపోయి ఉన్నాయి. గడ్డం నుంచి చెమట బొట్లు బొట్లుగా మోకాళ్ళ మీద పడుతోంది. "ఏం లేదు, కాస్త కళ్ళు తిరిగాయంతే" అన్నావు. నాకు మాత్రం కాళ్ళూ చేతులూ ఆడలేదు.

పరిగెత్తేటప్పుడు కాళ్ళలో రక్తనాళాలు బాగా విప్పారతాయి. కిందికి దిగిన రక్తాన్ని పిక్కల్లోని కండరాలే బిగుసుకుంటూ, వదులవుతూ మళ్ళీ గుండె వైపు నెడుతుంటాయి. నువ్వు టక్కున ఆగితే ఆ నెట్టడం ఆగిపోతుంది. నాళాలేమో అంత త్వరగా ముడుచుకోవు. రక్తం కాళ్ళలోనే ఉండిపోయి, బీపీ పడిపోయి, తలకి చాలినంత అందదు. కళ్ళు తిరిగేది అందుకే. పైగా మన ఊరి ఉక్కపోతలో చెమట కారుతుందే తప్ప ఆరదు, ఒళ్ళు చల్లబడటం ఇంకా ఆలస్యం.

కాబట్టి వాచీ నొక్కినా కాళ్ళు ఆపకు. రెండు నిమిషాలు మెల్లగా పరిగెత్తి, తర్వాత నడువు. ఆయాసం లేకుండా ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగేదాకా నడువు. మొత్తం ఐదు నుంచి పది నిమిషాలు చాలు. అయినా కళ్ళు తిరిగితే మొండికెయ్యకుండా పడుకుని కాళ్ళు ఎత్తులో పెట్టుకో. మళ్ళీ మళ్ళీ అలా అవుతుంటే డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే.

ఇంకో మాట. నాలుగేళ్ళ కిందట సింహాచలం గిరి ప్రదక్షిణ చేసి వచ్చాను కదా, 32 కిలోమీటర్లు. నడక అవ్వగానే ఆటోలో ఇంటికొచ్చి పడుకున్నాను. అర్ధరాత్రి రెండు పిక్కలూ పట్టేశాయి. మీ అమ్మ నూనె రాస్తూ కూర్చుంది. రెండు రోజులు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. స్ట్రెచింగ్ చేసుంటే నొప్పులే ఉండేవి కావని నీకు ఎన్నిసార్లు చెప్పానో. అది తప్పమ్మా. మోకాలికి ఫిజియోథెరపీకి వెళ్ళినప్పుడు అక్కడి అమ్మాయిని అడిగితే వివరంగా చెప్పింది. మర్నాటి నొప్పులు కండరంలో పడే చిన్న చిన్న గాయాల వల్ల వస్తాయట, ఒకటి నుంచి మూడు రోజుల్లో బాగా తెలుస్తాయట. ఆ నొప్పికి కారణమని మనం అనుకునే లాక్టిక్ యాసిడ్, అదే శ్రమ పడ్డప్పుడు కండరాల్లో పుట్టే ఆమ్లం, గంటా గంటన్నరలోనే పోతుందట. స్ట్రెచింగ్‌తో ఆ నొప్పి తగ్గేది చాలా కొంచెమే.

మరి ఎందుకు చెయ్యమంటున్నానంటే, నువ్వు రోజంతా ఆఫీసులో కుర్చీలోనే ఉంటావు. తుంటి, తొడ వెనక కండరాలు బిర్రబిగుసుకుపోతాయి. పరుగయ్యాక అవి వేడిగా ఉంటాయి, చెప్పినట్టు సాగుతాయి. వారాల తరబడి చేస్తే ఒంగడం, కూర్చోవడం తేలికవుతుంది.

కానీ సరిగ్గా చెయ్యాలి. ఇంటికొచ్చాక గేటు పట్టుకుని పిక్క సాగదీస్తుంటే చూశాను. మడమ పైకి లేచిపోతోంది, పైగా ఊగుతున్నావు. ఒక చేతిలో ఫోను! ఒక కాలు వెనక్కి పెట్టి, ఆ కాలి మోకాలు వంచకు. మడమ నేలకి అంటుకునే ఉండాలి. ఊగకుండా, ఊపిరి బిగబట్టకుండా 20, 30 సెకన్లు అలాగే ఉండు. లాగుతున్నట్టు తెలియాలి గానీ నొప్పి పుట్టకూడదు. తర్వాత రెండో కాలు. తొడ ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ సాగదీసేటప్పుడు కూడా ఇలాగే ఊగకుండా, ఇంతే సేపు ఉండు.

నువ్వు మర్చిపోయిన నీలం టవల్ ఉతికి పెట్టింది అమ్మ.

రేపు పొద్దున్న పరుగవ్వగానే నాకు ఫోన్ చెయ్. కూర్చుని కాదు, నడుస్తూ చెయ్. ఆయాసం తగ్గేదాకా మాట్లాడుకుందాం.

ప్రేమతో,
నాన్న