2024-25 వార్షిక నివేదిక (సర్వసభ్య సమావేశంలో సెక్రటరీ చదివింది)

సభ్యులందరికీ నమస్కారం. మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే, అది మళ్ళీ చదవను. కంటి క్యాంపు, నోటుపుస్తకాలు పంచడం, పెన్షన్ అప్లికేషన్లు నింపిపెట్టడం ఎప్పట్లాగే జరిగినాయి.

ఈ ఏడు గొప్పగా చెప్పుకోవాల్సింది చెన్నైలో ఎగ్మూరు మ్యూజియం టూరు. 1851లో పెట్టిన మ్యూజియం అది, 1953 దాకా మన నెల్లూరు కూడా మద్రాసు రాష్ట్రమే కాబట్టి అది మనది కూడా అని నా వాదన, పైగా మన అమరావతి శిల్పాలు బోలెడు అక్కడే ఉండాయి. శుక్రవారం సెలవని ఆదివారం పోయినాం. పిల్లలు, ముసలోళ్ళు, చూపులేని మెంబర్లు ఇద్దరు, వీల్‌చైర్‌లో ఒకక్క, అంతా కలిసి 31 మందిమి.

గైడు వెనకాల మందలాగా తిరగొద్దని ముందే అనుకున్నాం. ఒక్కో జట్టు ఒక్క శిల్పం దగ్గరే నిలబడి, బోర్డు చదవకుండా, అందులో ఏముందో చూపులేని మెంబరుకి చెప్పాల. ఒక గుండ్రటి పలక దగ్గర పిల్లలు రెండేనుగులు అన్నారు, ఒకటి జనాన్ని తొక్కతా ఉంది, ఇంకోటి బుద్ధుడి ముందర మోకరిల్లింది, పైన కిటికీల్లోంచి ఆడోళ్ళు తొంగిచూస్తా ఉండారు అని. చూపులేని మన పెద్దాయన అంతా విని "రెండూ ఒకటే ఏనుగేమో రా అబ్బయ్యా, ముందొకసారి తర్వాతొకసారి చెక్కినారేమో" అన్నాడు. తర్వాత చదివితే అదే నిజం, బుద్ధుడంటే గిట్టని ఆయన దాయాది దేవదత్తుడు ఆయన మీదికి తోలిన నాళగిరి అనే ఏనుగంట అది! కళ్ళుండి మేం చూడలేకపోయినాం.

మరుసటి ఆదివారం మన హాల్లోనే ఇళ్ళలోని పాత సామాన్లు మ్యూజియంలాగా పెట్టుకున్నాం. ఎప్పుడూ మూల కూర్చునే ఒకామె, చిన్నప్పుడు అభ్రకం (మైకా) షెడ్డులో పనిచేసిందంట, కత్తితో పొరలు ఎట్లా తీస్తారో పిల్లలకి చూపించింది, కరెంటు ఇస్త్రీపెట్టెలో కూడా అభ్రకమే వేసేవాళ్ళని చెప్పింది. ఇప్పుడు పిల్లలు ఆమెని దారిలో ఆపి మరీ పలకరిస్తా ఉండారు.

పులిహోర పొట్లాలు కట్టిన అక్కలకి, రాత్రి స్టేషన్ నుంచి డబ్బులు తీసుకోకుండా దింపిన ఆటో తమ్ముళ్ళకి, వీల్‌చైర్ ఎత్తి రైలెక్కించిన ఇంటర్ పిల్లోళ్ళకి థ్యాంక్స్. వాలంటీర్లుగా 14 మంది పేర్లిచ్చి నలుగురు వచ్చినారు, మిగతావాళ్ళ ఫోన్లు తెల్లారి రైలు టైముకి స్విచాఫ్. బస్సు ఇప్పిస్తానన్న ఆఫీసరు మూడుసార్లు తిప్పించుకోని నాలుగోసారి మీటింగులో ఉండాడు. సరే.

లెక్కలు వెనక పేజీలో ఉండాయి, ఆడిటర్ గారు చూసినారు, మిగిలింది పెద్దగా ఏం లేదు. చందా బాకీలున్నోళ్ళు టీ తాగేలోపల ట్రెజరర్‌ని కలవండి.