కాన్వెంటు మెట్ల దగ్గర నుంచి శ్రీనుకి

ఒరేయ్ శ్రీనూ,

మన కాన్వెంటు పడగొడుతున్నారటగా అని ఫోన్లో అడిగావు చూడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా. పడగొట్టడం లేదురా. సిస్టర్లు కొత్త భవనంలోకి మారాక ఖాళీగా పడున్న ఆ బంగళాని పేట వాళ్లందరికీ పనికొచ్చేట్టు బాగు చేయిస్తున్నారు. కింద చదువుకునే గది, కుట్టు క్లాసులు, వరండాలో పెద్దవాళ్లు కూర్చునే చోటు. పని చూస్తున్నది నేనే.

అసలు గొడవంతా మెట్ల దగ్గరొచ్చింది. అరుగు 3 అడుగుల ఎత్తు. చక్రాల కుర్చీ ఎక్కాలంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల వాలు, అంటే 36 అడుగుల ర్యాంపు కావాలి. ముందు జాగా చాలదు, వెనక వంటింటి వైపు కట్టేద్దామన్నారు కమిటీలో. నేను ససేమిరా అన్నా. మన బాబిగాడు గుర్తున్నాడా, పోలియో కాలుతో ఆ మెట్ల కింద మనకోసం నిలబడి ఉండేవాడు. మనిద్దరం చేతులు పీటలా పట్టి ఎక్కించేవాళ్లం. మనకి ఆలస్యమైన రోజు ప్రార్థన అయ్యేదాకా వాడు ఎండలోనే. ఇన్నేళ్ల తర్వాత అలాంటి వాళ్లను పెరటి దోవన రమ్మంటామా? ప్రజలొచ్చే పాత కట్టడాలు కూడా అందరికీ అందుబాటులో ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. చివరికి వేపచెట్టు పక్కగా మలుపులు తిప్పి, 12 అడుగులకో చదును పెట్టి, ముందు వాకిలికే తెచ్చాం. పాత గోడకి ఎక్కడా ఆనించలేదు.

గోడల సంగతి చెబితే ఏడుపొస్తుంది. లూథరన్ మిషనరీ హేయర్ దొర 1842లో గుంటూరు వచ్చిన నాటి నుంచి మన ఊళ్లో మిషన్ల పాత కట్టడాలు చాలావరకు సున్నంతో లేచినవే కదా. ఎవరో దీనికి సిమెంటు పూత పూశారు. చెమ్మ బయటికి పోయే దారి లేక లోపల ఇటుక పొడైపోయింది. అదంతా గీకించి గానుగ సున్నం వేయిస్తున్నా. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు కలిపే పనితనం తెలిసిన ముసలి మేస్త్రి దొరికాడు, నా అదృష్టం.

టేకు తలుపుల్లో ఒక్క రెక్క తీస్తే చక్రాల కుర్చీ పట్టదు, అందుకని రెండూ తెరిచి ఉండేట్టు కొక్కేలు పెట్టించా. గడప కొట్టలేదు, రెండు వైపులా చెక్క వాలు చేయించా. బాత్రూం తలుపు బయటికి తెరుచుకుంటుంది, లోపల ఎవరన్నా పడితే తలుపుకి అడ్డం కాకుండా. మేడ మీదికి లిఫ్టు ఇంకా లేదు, అందుకే ముఖ్యమైనవన్నీ కిందే పెట్టాం.

మొన్న ర్యాంపు పక్కన పట్టుకునే కమ్మీల ఎత్తు తేల్చడానికి బాబిగాణ్ణి పిలిచా. చెయ్యి ఆనించి, ఇంకో అంగుళం దించమన్నాడు. దించాం.

నీతో ఒక పనుంది. మన ఐదో తరగతి గ్రూపు ఫొటో మీ అమ్మగారి బీరువాలో ఉండాలి. వెనక వరండా చెక్క జాలీ కనబడుతుంది అందులో. ఇక్కడ సగం విరిగిపోయింది, నమూనా లేక వడ్రంగి ఆగిపోయాడు. ఆదివారంలోపు తీసి పంపించు.

నీ
రాజు