ఆ రెండు వారాల గడువు ఎత్తివేయండి

హాంకాంగ్ కార్మిక, సంక్షేమ శాఖ కార్యదర్శి గారికి,

ఆదివారం ఒకసారి నగరం నడిబొడ్డున ఉన్న సెంట్రల్ ప్రాంతానికి రండి. వంతెనల కింద అట్టలు పరుచుకుని, డబ్బాల్లో తెచ్చుకున్న అన్నం పంచుకునే ఫిలిప్పీన్స్ మహిళలు కనిపిస్తారు. ఇక్కడి ఇళ్లలో పనిచేసేవాళ్లు వాళ్లు.

పని ఒప్పందం మధ్యలో రద్దయితే వాళ్లు రెండు వారాల్లో హాంకాంగ్ విడిచి వెళ్లాలన్నది 1987 నాటి నిబంధన. ఉండవలసింది యజమాని ఇంట్లోనే కనుక పని పోయిన రాత్రే నీడా పోతుంది. జీతం బకాయి అడిగిన పాపానికి పని పోయిన మహిళ ఆ రాత్రి ఎక్కడ తలదాచుకోవాలి? 1986లో మొదలైన బెథూన్ హౌస్ వంటి ఆశ్రయాలు తలుపు తీస్తున్నాయి: పడుకోను చోటు, ఇంత అన్నం, కేసు కాగితాలకు తోడు. నిజానికి ఇది ప్రభుత్వం చేయవలసిన పని.

కేసు తేలేవరకు వాళ్లను పని చేసుకోనివ్వండి. ఆ ఆశ్రయాలకు నిధులివ్వండి.

ఇట్లు,
హాంకాంగ్‌లో ఉంటున్న ఒక తెలుగు మహిళ