సీసా తెచ్చుకో బావా

తిరుపతి,
ఫిబ్రవరి, ఆదివారం

బావా,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మ కులాసా కబుర్లు, పిల్లవాడి పరీక్షలు, తోటలో మామిడి పూత ఈసారి బాగా నిలిచిందన్న మాట, అన్నీ చదివి సంతోషించాను. చివర్లో ఇరుకుగా రాసి అడిగిన ప్రశ్నకే ఈ ఉత్తరమంతా. ఈ నెలాఖరున ఇక్కడ జరిగే హాఫ్ మారథాన్‌లో, అంటే 21.1 కిలోమీటర్ల పరుగులో, నీళ్లు వెంట తీసుకెళ్లాలా, వద్దా? తీసుకెళ్లు. అర లీటరు సీసా, ఒక్కటే. కారణం చెప్పనిదే నువ్వు ఏదీ ఒప్పుకోవు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కట్టమంచి చెరువు దగ్గర నీతో పరిగెత్తే కుర్రాళ్లు "దారిలో నీళ్లు పెడతారు కదన్నా, చేతిలో మోత ఎందుకు" అన్నారని రాశావు. ఆ మాట వాళ్లకు సరిపోతుంది. ఇలాంటి పరుగుల్లో సుమారు 5 కిలోమీటర్లకొకచోట నీళ్లు ఉండాలని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ నిబంధన. మన నిర్వాహకులు కూడా అదే కొలత పాటిస్తామన్నారు. కిలోమీటరును నాలుగుంపావు నిమిషాల్లో దాటే కుర్రాడికి ఒక నీళ్ల బల్ల నుంచి ఇంకో బల్లకు 21 నిమిషాలు. నీకు కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు పడుతుంది, అంటే ఆ ఐదు కిలోమీటర్లకు 37 నిమిషాల పైమాటే. వాళ్లు గంటన్నరలో ముగించి టిఫిన్ తింటున్నప్పుడు నీకు ఇంకా గంటకు పైగా దారి మిగిలి ఉంటుంది. బల్లల మధ్య దూరం అందరికీ ఒకటే కావచ్చు, నీళ్లు లేకుండా గడిపే సమయం ఒకటి కాదు.

అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్లేటప్పుడు మనం ఎప్పుడైనా సీసా మోశామా? దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు, గాలిగోపురం చేరేసరికే చొక్కా పిండుకోవాలి. అయినా అవసరం రాలేదు, ఎందుకంటే దారిలో అక్కడక్కడా కుళాయిలుంటాయి, ఆగి తాగుతాం, కూర్చుంటాం, మళ్లీ ఎక్కుతాం. పోయిన ఏడాది నడకను గుర్తు చేసి "అప్పుడు లేనిది ఇప్పుడెందుకు" అని అడిగావు చూడు, తేడా అదే.

ఇక ఈసారి దారి సంగతి. అలిపిరి దగ్గర మొదలై, జూపార్కు మీదుగా చెర్లోపల్లి దాటి, శ్రీనివాస మంగాపురం వైపు వెళ్లి వెనక్కి తిరగాలి. వెళ్లేటప్పుడు కుడివైపు శేషాచలం కొండలు, వీపు మీద లేత ఎండ, చల్లగాలి, ఎంత హాయిగా ఉంటుందంటే దాహమే గుర్తుకు రాదు. తిరిగి వచ్చేటప్పుడు తూర్పు ముఖంగా పరిగెత్తాలి. అప్పటికి ఏడున్నర దాటుతుంది, సూర్యుడు నేరుగా కళ్లల్లోకే. ఫిబ్రవరి నెలాఖరు ఎండను తక్కువగా అంచనా వేయకు, రాళ్ల కొండ పక్కన ఆ రోడ్డు త్వరగానే కాగుతుంది. పరుగులో రెండో సగమే నీకు కష్టమైనది, నీళ్లు కావలసిందీ అప్పుడే.

ఇంకొకటి కూడా ఉంది, రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. పేరు ఎందుకులే, వేరే ఊళ్లో ఒక పరుగులో చివరి బల్ల దగ్గరికి వెళ్లేసరికి ఖాళీ డబ్బాలు, నలిగిన గ్లాసులు తప్ప చుక్క నీరు లేదు. ముందు వెళ్లినవాళ్లు తాగి, మిగిలింది నెత్తిన పోసుకున్నారు. వెనక వచ్చేవాళ్లలో నీ వయసువాళ్లు, మొదటిసారి పరిగెత్తేవాళ్లు, పిల్లల తల్లులు ఉన్నారు. అందరికన్నా ఎక్కువసేపు ఎండలో ఉండేది వాళ్లే. చెమటోడ్చి వచ్చిన మనిషికి గుక్కెడు నీళ్లు లేకుండా చేయడం అన్యాయం బావా. మన ఊరివాళ్లు అలా చేయరనే నా నమ్మకం, కానీ నీ విషయంలో నమ్మకం మీద వదిలేయలేను.

ఎన్ని నీళ్లు కావాలో ఎవరినీ అడగక్కర్లేదు, నీ ఇంట్లో బరువు తూచే యంత్రం చెబుతుంది. పొద్దున మూత్రానికి వెళ్లి వచ్చాక, ఒంటి మీద బట్టలు లేకుండా తూచుకో. గంటసేపు నీ మామూలు వేగంతో పరిగెత్తు. వచ్చి ఒళ్లు తుడుచుకుని మళ్లీ తూచుకో. ముందు 72 కిలోలుండి తర్వాత 71.2 ఉంటే 800 గ్రాములు తగ్గినట్టు. మధ్యలో 200 మిల్లీలీటర్లు తాగి ఉంటే అదీ కలుపు. గంటకు దాదాపు లీటరు చెమట అన్నమాట. మనుషుల్లో ఇది గంటకు అర లీటరు నుంచి రెండు లీటర్ల దాకా మారుతుంది, అందుకే ఒకరి లెక్క ఇంకొకరికి పనికిరాదు.

నీది గంటకు లీటరే అనుకుందాం. 21.1 కిలోమీటర్లకు నీకు రెండు గంటల 38 నిమిషాలు, అంటే 2.6 లీటర్లు పోతాయి. ఒంటి బరువులో 2 శాతం, నీకైతే 1.4 కిలోలు, తగ్గినంతవరకు కంగారు అక్కర్లేదని క్రీడా వైద్యులు చెబుతారు. మిగిలిన 1.2 లీటర్లు దారిలో దొరకాలి. 20వ కిలోమీటరు బల్ల దగ్గర తాగేది ఎలాగూ అక్కరకు రాదు. మొదటి మూడు చోట్లా గ్లాసుకు 150 చొప్పున ఒలకకుండా తాగినా 450 మించదు. మిగతాది నీ చేతి సీసా. 10వ కిలోమీటరు దగ్గర దాన్ని మళ్లీ నింపుకుంటే ఎండకు ఎదురుగా వచ్చే దారంతా నీకు ధైర్యం.

ఇది చదివి వెంటనే సీసాలకు సీసాలు తాగడం మొదలుపెట్టకు. అసలు భయం నాకు అక్కడే.

1904లో సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో కావాలనే నీళ్లు తగ్గించారు. దుమ్ము, మండే ఎండ. 32 మంది బయలుదేరితే చివరిదాకా వచ్చింది 14 మందే. పరుగులో నీళ్లు తాగితే బలహీనత అని చాలాకాలం నమ్మారు. తర్వాత ఆలోచన పూర్తిగా అటువైపు మొగ్గింది. 1996లో అమెరికా క్రీడా వైద్యుల సంఘం చెమట పోయినంతా భర్తీ అయ్యేలా, లేదా కడుపు పట్టినంత తాగమంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండవలసినదాని కంటే తగ్గి ఉంది. ఆ పరుగులోనే ఒక యువతి ఈ కారణంగా చనిపోయింది. 2005లో అచ్చయిన ఆ పరిశీలనలో ఎవరికి ముప్పు ఎక్కువని తేలిందో తెలుసా? పరుగులో బరువు పెరిగినవాళ్లకు, నాలుగు గంటల కంటే ఎక్కువ పట్టినవాళ్లకు. నెమ్మదిగా వెళ్లేవాళ్లకు తాగే సమయం ఎక్కువ, చెమట తక్కువ. పులుసులో నీళ్లు ఎక్కువైతే ఉప్పు చప్పబడినట్టు రక్తం పలచబడుతుంది, మెదడు ఉబ్బుతుంది. 2007లో ఆ సంఘమే సలహా మార్చుకుంది.

అందుకే సీసా ఉంది కదా అని లెక్క ప్రకారం ఖాళీ చేయాలనుకోకు. దాహం వేస్తే రెండు గుక్కలు తాగు, వేయకపోతే మోసుకురా. 2009లో దుబాయ్ మారథాన్ గెలిచిన హైలె గెబ్రెసెలాసీ బరువు ఆ పరుగులో 9.8 శాతం తగ్గిందని శాస్త్రజ్ఞులు రాశారు. నువ్వు అలా చేయాలని కాదు, ఒకటీ అరా శాతం ఎక్కువ తగ్గినంత మాత్రాన ప్రాణం మీదికి రాదని చెప్పడానికి రాశాను. పరుగు తర్వాత బరువు పెరిగి ఉండటం, తలనొప్పి, వాంతి, వేలికి ఉంగరం బిగుసుకోవడం, మాట తడబడటం, ఇవి కనిపిస్తే మాత్రం ఇంకా నీళ్లు తాగించకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. చెల్లెమ్మకు కూడా ఈ మాట చెప్పి ఉంచు. నీ రక్తపోటు మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు ఉందేమో ఈ వారమే డాక్టరును అడుగు. మోకాలి నొప్పి మాత్ర వేసుకుని పరుగుకు రావద్దు.

సీసాలో ఏం పోయాలంటావా? సగం దారి దాకా మామూలు నీళ్లు. తర్వాతి దానికి మందుల దుకాణంలో దొరికే ఓఆర్ఎస్ పొడి, తీపి పానీయాల డబ్బాలు కాదు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉందో సరిగ్గా అన్నే పోయాలి. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరాతో పోతున్న ప్రాణాలను దిలీప్ మహలనబిస్ నిలబెట్టింది ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్లతోనే, తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అయితే ఇది కూడా రక్తం కంటే పలచనే, అతిగా తాగితే అదే ప్రమాదం.

నడుము బెల్టు కొనకు, ఊగి ఊగి ఒరుసుకుంటుంది. తాగేకొద్దీ ముడుచుకుపోయే మెత్తటి సీసా దొరికితే మంచిది, లోపల నీళ్లు గలగలలాడవు. చేతికి పట్టీ ఉండాలి, బల్లకొకసారి చెయ్యి మార్చు. చెర్లోపల్లి దగ్గర నన్ను నిలబడి నీళ్లు అందించమన్నావు. బల్లల దగ్గర తప్ప ఇంకెక్కడా తీసుకోకూడదని నియమం, మొదటిసారి హెచ్చరిస్తారు, రెండోసారి పోటీ నుంచి తీసేస్తారు. మొదటి నుంచీ నీ చేతిలో ఉన్నదానికి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు.

నేను ఈసారి పది కిలోమీటర్లకే పేరిచ్చాను, కాబట్టి ముందుగా వచ్చి ఉప్పు వేసిన మజ్జిగతో ముగింపు గీత దగ్గరే ఉంటాను. నువ్వు శనివారం సాయంత్రం చీకటి పడకముందే బస్సు దిగేలా బయలుదేరు. ఈలోగా సీసా చేతిలో పట్టుకుని రెండు మూడు సార్లైనా పరిగెత్తి చూడు, కొత్త వస్తువు పరుగు రోజునే బయటికి తీయకూడదు. వచ్చే ఆదివారం తూచుకున్న రెండు అంకెలూ, మధ్యలో తాగినదీ కార్డు మీద రాసి పంపు, మిగతా లెక్క నేను వేసి పెడతాను.

నీ మిత్రుడు