మామిడి నీడలో పూలమడి

శ్రీకాకుళం

చిట్టితల్లీ,

మీ విజయనగరం ఇంటి వెనక మామిడిచెట్టు కింద ఏ పూలమొక్కా నిలవడం లేదన్నావు. ఫోనులో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. బంతి, జీనియా అక్కడ పెట్టకు. వాటికి రోజంతా ఎండ కావాలి. నీడలో సన్నగా సాగి ఒరిగిపోతాయి.

ముందు నీడ ఎలాంటిదో చూడు. పొద్దున్న ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మళ్ళీ మూడున్నరకి వెళ్ళి ఎండ పడే చోట సున్నంతో గీత గియ్యి. పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు తగిలి, మధ్యాహ్నానికి నీడొచ్చే జాగా కనకాంబరానికి. కొమ్మల సందుల్లోంచి వెలుతురు చారలు పడే చోట టొరీనియా, బిగోనియా. ఎండ పొడే తగలని చోట పూల ఆశ వదిలేసి, ఆకు అందం కోసం కోలియస్, కలాడియం పెట్టుకో. నర్సరీలో ఇంపేషన్స్ చూసి మనసు పడకు. చలికాలంలో మన దగ్గర బాగా పూస్తుంది గానీ, ఏప్రిల్ వడగాలికి నీడలో ఉన్నా వాడిపోతుంది.

చెట్టు కింద అసలు చిక్కు మామిడి వేళ్ళతోనే. నువ్వు వేసిన ఎరువూ పోసిన నీళ్ళూ ముందు అవే లాగేసుకుంటాయి. అలాగని అడుగెత్తు మట్టి పోసి మడి కట్టకు, వేళ్ళకు గాలాడక చెట్టే దెబ్బతింటుంది. మొదలు చుట్టూ నాలుగడుగులు తవ్వకుండా వదిలేసి, అక్కడ 10 అంగుళాల కుండీలు ఇటుకల మీద పెట్టు. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు), ఒక పాలు ఇసుక, కుండీకి గుప్పెడు వేపపిండి. గెత్తం పచ్చిదైతే ఆ వేడికి లేతవేళ్ళు మాడతాయి.

కనకాంబరం మాత్రం కొమ్మల అంచుకి నేలలోనే వెయ్యి, మొక్కకీ మొక్కకీ అడుగు దూరం. నీళ్ళు నిలిచే పల్లం అయితే వేరు కుళ్ళు ఖాయం, కాబట్టి బోదె కట్టి దాని మీద నాటు. పూల వెన్ను అడుగు నుంచి పైకి రెండేసి మూడేసి పూలు విచ్చుకుంటూ పోతుంది. రోజు విడిచి రోజు కోసుకో. పూత అయిపోయిన వెన్నుని కింది కణుపు దాకా కత్తిరిస్తే పక్క చిగుళ్ళొచ్చి మళ్ళీ వెన్నులేస్తుంది. విత్తనం కావాలంటే ఒకటి రెండు వెన్నులు ఎండనిచ్చి, వాటికి పల్చటి గుడ్డ కట్టు. ఎండిన కాయ మీద నీటిచుక్క పడితే చాలు, టప్పున పేలి గింజలు ఎగిరిపోతాయి. ఢిల్లీ కనకాంబరానికి ఈ గొడవ లేదు. అది గింజ కట్టదు, కొమ్మే నాటాలి.

మొక్కలు గుంపుగా గిడసబారి, ఆకు పాలిపోతే పీకి వేళ్ళు చూడు. నల్లబడి ఉంటే మట్టిలో ఉండి వేళ్ళని తినే నులిపురుగు పని అయ్యుండొచ్చు. ఆ చోట మళ్ళీ కనకాంబరం వెయ్యకు. చుట్టుపక్కల కొమ్మలు నరికి ఎండ తగలనిచ్చి, ఒక పంట బంతి వేస్తే పురుగు తగ్గుతుంది.

టొరీనియా గింజ నలుసంత ఉంటుంది. తడిమట్టి మీద చల్లి వేలితో అదుము, పైన మట్టి కప్పకు, వెలుతురు తగిలితేనే మొలుస్తుంది. బిగోనియా కాడ నీళ్ళ కాడ, ఎక్కువ పోస్తే మొదట్లో మెత్తబడి కూలిపోతుంది. కోలియస్‌కి పూలకంకి రాగానే తుంచెయ్యి, లేకపోతే ఆకు చిన్నబోతుంది. కలాడియం దుంప రెండంగుళాల లోతున పెట్టు. చలికాలంలో ఆకు ఎండిపోతే చచ్చిందని పారెయ్యకు, దుంప నిద్రలో ఉంటుంది.

నీడలో తడి త్వరగా ఆరదు. వేలు మట్టిలో రెండు కణుపుల లోతు దించి చూడు, తడి తగిలితే ఆ రోజు నీళ్ళొద్దు. పోసేది పొద్దున్నే, మొదట్లోనే. సాయంత్రం ఆకుల మీద పోస్తే మచ్చలొస్తాయి, రాత్రికి నత్తలు చేరతాయి. మేలో ఆకు మీద ఇసుక చల్లినట్టు తెల్లచుక్కలు కనిపిస్తే తిప్పి చూడు, సన్నటి సాలీడుబూజు ఉంటే ఎర్రనల్లి. నీటిధారతో ఆకు అడుగు కడిగి, లీటరు నీళ్ళలో 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల షాంపూ కలిపి సాయంత్రం పిచికారీ చెయ్యి. వారం తర్వాత మరోసారి.

ఉగాది లోపు నాటితే రోహిణికార్తె ఎండలకి వేరు నిలదొక్కుకుంటుంది. మన ఇంటి ఢిల్లీ కనకాంబరం కొమ్మలు తడి గోనెలో చుట్టి మీ నాన్న వచ్చేటప్పుడు పంపిస్తాను. వచ్చిన రోజే నాటి, వారం రోజులు పైన కొబ్బరాకు కప్పు.

మీ అమ్మ