పక్క తడిపే పిల్లలను దండించవద్దు

సంపాదకులకు నమస్కారం.

గత వారం తెల్లవారకముందే మా వీధిలో ఆరేళ్ల పిల్లవాడు తడిసిన బొంతను దండెం మీదికి ఎత్తలేక ఎత్తుతూ ఏడుస్తుండడం చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. నలుగురూ చూస్తే సిగ్గుపడి మానుకుంటాడని ఇంట్లో పెద్దలు వేసిన శిక్ష అది. నిద్రలో తెలియకుండా జరిగేదాన్ని సిగ్గుపడి మానుకోవడం ఎవరికైనా సాధ్యమా?

ఐదేళ్లు నిండేవరకు పక్క తడపడాన్ని వైద్యులు జబ్బుగా పరిగణించరు. రాత్రిపూట మూత్రాన్ని తగ్గించే వాసోప్రెసిన్ హార్మోన్ కొందరిలో చాలినంత ఊరకపోవడం, మూత్రాశయం నిండినా మెలకువ రాకపోవడం దీనికి ముఖ్య కారణాలు. చిన్నతనంలో తల్లికో తండ్రికో ఈ ఇబ్బంది ఉండి ఉంటే బిడ్డకూ వచ్చే అవకాశం ఎక్కువ. మన కడప ఎండల్లో మరో చిక్కు ఉంది. బడిలో మరుగుదొడ్డికి వెళ్లడం ఇష్టంలేని పిల్లలు పగలంతా గొంతు తడుపుకోకుండా ఉండి, ఇంటికి వచ్చాక చెంబులకు చెంబులు తాగేస్తారు. పగలే బాగా తాగించి, రాత్రి భోజనం తరువాత తగ్గించి, సాయంత్రం టీ మాన్పించి, పడుకోబోయే ముందు తప్పక మూత్రానికి పంపాలి. మలబద్ధకం ఉంటే ముందు దాన్ని సరిచేయాలి; నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుందన్న సంగతి చాలామంది తల్లులకు తెలియదు.

ఆరు నెలలకు పైగా పొడిగా ఉన్న బిడ్డ మళ్లీ తడపడం మొదలుపెట్టినా, విపరీతమైన దాహం, మూత్రంలో మంట ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. అది మధుమేహమో, ఇన్‌ఫెక్షనో కావచ్చు. అంగన్‌వాడీల్లో తల్లులు కలిసినప్పుడు ఈ నాలుగు మాటలూ చెప్పించాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, కడప