డకోటాని రెడీ చేసినోళ్ళ గురించి కూడా రాయండి సార్

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో పాత విమానాల్లో దేశాలు దాటి వెళ్ళినోళ్ళ మీద పెద్ద వ్యాసం వేశారు, చాలా సంతోషం అండి, తెలుగు పేపర్లలో ఇలాంటివి రావడమే తక్కువ. కానీ పేజీ మొత్తం పైలట్లు, మబ్బులు, సముద్రం ఇవే ఉన్నాయి. ఆ విమానం గాల్లోకి లేవకముందు కింద నేల మీద ఏళ్ళ తరబడి ఎవరు ఏం చేశారో ఒక్క లైను కూడా లేదు. నేను ఎయిర్ ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయినవాణ్ణి, అస్సాంలో డకోటాల మీద, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి రెండు ఇంజిన్ల రవాణా విమానాల మీద పనిచేశాను, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుద్ది, కత్తిరించాల్సి వస్తే నా గురించి ఉన్నది తీసెయ్యండి, పని గురించి ఉన్నది మాత్రం ఉంచండి.

మన దేశం సంగతే తీసుకుందాం. 2018 ఏప్రిల్ 17న ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నుంచి ఒక డకోటా బయల్దేరింది, ఫ్రాన్స్, ఇటలీ, గ్రీస్, జోర్డాన్, సౌదీ, బహ్రెయిన్, ఒమన్ మీదుగా వచ్చి 25న జామ్‌నగర్‌లో దిగింది. మే 4న ఢిల్లీ దగ్గర హిండన్‌లో ఎయిర్ ఫోర్స్‌లోకి తీసుకున్నారు. పేరు పరశురామ, తోక మీద నంబరు వీపీ 905. 1947 అక్టోబర్ 27న సిఖ్ రెజిమెంట్ ఒకటో బెటాలియన్ జవాన్లని శ్రీనగర్‌లో దింపిన డకోటాల్లో ఒకదాని నంబరు అది, ఆ గుర్తుగా దీనికి పెట్టారు. అప్పటి ఎంపీ రాజీవ్ చంద్రశేఖర్ దీన్ని 2011లో స్క్రాప్ నుంచి కొని, రిపేర్ చేయించి ఇచ్చారు, వాళ్ళ నాన్నగారు ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్ డకోటా పైలట్. మొదట ఇస్తానంటే గవర్నమెంట్ వద్దంది, తర్వాత మళ్ళీ ఒప్పుకుంది, అదో పెద్ద కథ. ఇప్పుడు లెక్క చూడండి. 2011లో కొన్నది 2018లో ఎగిరింది. ఎగిరి ఇక్కడికి రావడానికి పట్టింది తొమ్మిది రోజులు. మరి ఆ ఏడేళ్ళ గురించి ఎవరు రాశారు?

స్క్రాప్‌లో పడున్న విమానాన్ని రెడీ చెయ్యడం అంటే రంగేసి ఇంజిన్ స్టార్ట్ చెయ్యడం అనుకుంటారు చాలామంది. అసలు పని తుప్పుతో మొదలవుద్ది. డకోటా ఒళ్ళంతా అల్యూమినియం రేకు, రేకు మీద రేకు పెట్టి రివెట్లు కొట్టి ఉంటుంది, ఆ రెండు రేకుల మధ్యకి తేమ చేరిందంటే బయటికి ఏమీ కనపడదు, లోపల తెల్లటి పొడిలా తినేస్తా ఉంటుంది. కాబట్టి అనుమానం ఉన్నచోట రివెట్లు డ్రిల్ చేసి తీసి, రేకు లేపి చూడాల్సిందే, పోయిన రేకు కోసేసి కొత్తది కొట్టాల్సిందే. రెక్క బయటి భాగం మధ్య భాగానికి కలిసే చోట వరసగా బోల్టులు ఉంటాయి, ఆ అంచుల్లో వెంట్రుక అంత పగులు ఉన్నా విమానం లేపకూడదు, అందుకని అక్కడ ఒకటికి నాలుగుసార్లు చూస్తారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, ఇంత పెద్ద లోహపు విమానంలో కూడా రడ్డర్, ఎలివేటర్లు, ఐలరాన్లు, అంటే తోకకీ రెక్కలకీ ఉండి విమానాన్ని తిప్పే పలకలు, గుడ్డతో కప్పి ఉంటాయి. ఆ గుడ్డ బిగించి కుట్టి దాని మీద డోప్ అనే వార్నిష్ లాంటిది పూత మీద పూత వెయ్యాలి, ఆరేకొద్దీ గుడ్డ డప్పు తోలులా బిగుసుకుంటుంది, వేలితో కొట్టి ఆ చప్పుడు విని చెప్పేవాళ్ళు మా సీనియర్లు, ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని. ఆ చెవి ఉన్న మనుషులు ఇప్పుడు ప్రపంచంలోనే తక్కువమంది మిగిలారు.

ఇక నా పని ఇంజిన్. ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్, 14 సిలిండర్లు, ఏడేడు చొప్పున రెండు వరసల్లో గుండ్రంగా, 1200 హార్స్ పవర్. సిలిండర్‌కి రెండు స్పార్క్ ప్లగ్గులు, అంటే ఇంజిన్‌కి 28, రెండు ఇంజిన్లకి 56. ఆగి ఉన్నప్పుడు ఆయిల్ కిందికి జారి అడుగున ఉన్న సిలిండర్లలో చేరుద్ది. అది చూసుకోకుండా స్టార్టర్ నొక్కారా, పిస్టన్ ఆ ఆయిల్‌ని నొక్కబోతుంది, ఆయిల్ నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వంగింది వెంటనే విరగదు, కొన్ని గంటలు ఎగిరాక ఎక్కడో సముద్రం మీద విరుగుద్ది, అదీ అసలు ప్రమాదం. అందుకే తెల్లారి స్టార్ట్ చేసేముందు ఇద్దరం ముగ్గురం ప్రొపెల్లర్ దగ్గర నిలబడి బ్లేడు బ్లేడూ చేత్తో లాగేవాళ్ళం, అన్ని సిలిండర్లూ ఒక చుట్టు తిరిగేదాకా. ఎక్కడైనా బ్లేడు గట్టిగా ఆగిపోతే బలం పెట్టకూడదు, వెనక్కి తిప్పకూడదు, వెనక్కి తిప్పితే ఆయిల్ ఇన్‌టేక్ పైపులోకి పోయి స్టార్ట్ అయ్యాక మళ్ళీ సిలిండర్‌లోకే వస్తుంది. కింద సిలిండర్ల ప్లగ్గులు విప్పి ఆయిల్ కారనిచ్చి, మళ్ళీ బిగించి, మళ్ళీ మొదటి నుంచి లాగాలి. చలికాలం అస్సాంలో పొద్దున్నే ఆ బ్లేడు పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి, అయినా ఒక్క బ్లేడు తక్కువ లాగామని ఎవరూ అనుకోవడానికి లేదు. అరచేతికి తెలిసిపోద్దండి ఏ సిలిండర్‌లో కంప్రెషన్ ఉంది, ఏది నీరసంగా ఉంది అన్నది.

ఆయిల్ స్క్రీన్, అంటే ఆయిల్ వడకట్టే జల్లెడ, విప్పి చూడటం ఇంకొకటి. దాంట్లో చేరిన చెత్తని తెల్లగుడ్డ మీద పోసి మాగ్నెట్ పెట్టి చూస్తాం. అంటుకుంటే స్టీలు, అంటే గేరో బేరింగో ఏదో అరుగుతోంది. అంటుకోకుండా పచ్చగా మెరిస్తే బుష్ పొడి, నల్లగా నలిగిపోతే ఉత్త కార్బన్, దానికి భయం లేదు. చిటికెడు పొడిని బట్టి ఇంజిన్ దించాలా వద్దా అని తేల్చే పని ఇది, దీన్ని తొందరపెట్టకూడదు, తొందరపెట్టేవాళ్ళు ఉంటారు, ఫంక్షన్ తేదీ ఫిక్స్ అయిపోయింది, మంత్రిగారు వస్తున్నారు అని. అలాంటప్పుడు కాదు అని చెప్పగలిగిన ఫిట్టరే ఆ ప్రయాణాన్ని కాపాడినోడు అని నా నమ్మకం.

తర్వాత పెట్రోలు. ఈ కాలం జెట్లన్నీ తాగేది కిరోసిన్ లాంటిది, ఏ పెద్ద ఎయిర్‌పోర్టులో అడిగినా అదే. డకోటాకి ఏవ్‌గ్యాస్, అంటే పిస్టన్ ఇంజిన్ విమానాల పెట్రోలు కావాలి, మా రోజుల్లో ఆకుపచ్చ రంగులో ఉండేది, ఇప్పుడు దొరికేది నీలం. రెండు ఇంజిన్లకీ కలిపి గంటకి 350 లీటర్లు వేసుకోండి, స్పీడ్ గంటకి 240 కిలోమీటర్లు అనుకోండి, కోవెంట్రీ నుంచి మన దేశానికి సుమారు 9 వేల కిలోమీటర్లు అంటే గాల్లోనే 37 గంటలు, 13 వేల లీటర్ల పెట్రోలు. ట్యాంకులు నాలుగూ నింపితే పట్టేది 3 వేల లీటర్లే. అంటే దారిలో ఏ ఊళ్ళో ఏవ్‌గ్యాస్ ఉంది, లేనిచోటికి డ్రమ్ముల్లో ముందుగా ఎవరు చేరవేస్తారు, ఆ డ్రమ్ములు ఎన్నాళ్ళ నుంచి ఎండలో ఉన్నాయి, ఇవన్నీ బయల్దేరే ముందే తేలాలి. డ్రమ్ము నుంచి నింపేటప్పుడు గరాటుకి షామీ లెదర్ అనే మెత్తటి తోలు వేసి వడకట్టేవాళ్ళం, పెట్రోలు దిగుద్ది, నీళ్ళు పైన ఆగిపోతాయి. ట్యాంకు అడుగునుంచి సీసాలోకి కొంచెం తీసి వెలుగులో పెట్టి చూస్తే నీటిచుక్క అడుగున గోళీలా కదులుద్ది, అది కనపడకుండా పోయేదాకా తీస్తూనే ఉండాలి. పైగా బౌజర్, అంటే ఇంధనం ట్యాంకర్ లారీ వచ్చినప్పుడు మన మనిషి ఒకడు పక్కనే నిలబడాలి, ఎందుకంటే పొరపాటున జెట్ ఇంధనం పోశారంటే నేల మీద నడిపేటప్పుడు ఏమీ తెలియకపోవచ్చు, టేకాఫ్‌లో ఫుల్ పవర్ ఇచ్చినప్పుడు ఇంజిన్ పాడైపోద్ది. ఇలా పోయిన ప్రాణాలు ఉన్నాయి. ఆయిల్ ట్యాంకులు కూడా ఒక్కో ఇంజిన్‌కి వంద లీటర్ల పైచిలుకు, ఈ ఇంజిన్లు ఆయిల్ తాగుతాయి కాబట్టి ఆయిల్ డబ్బాలు, ప్లగ్గులు, ఒకటో రెండో సిలిండర్లు విమానంలోనే వేసుకుని పోవడం పద్ధతి. గల్ఫ్ ఎండల్లో కౌల్ ఫ్లాప్స్, అంటే ఇంజిన్ మూతకి గాలి పోవడానికి ఉండే రెక్కలు, తెరిచి ఉంచినా సిలిండర్ హెడ్ వేడెక్కుతుంది, నేల మీద ఎక్కువసేపు నిలబెట్టకూడదు, దానికి ఆ ఎయిర్‌పోర్టు వాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి. లోపల ప్రెషర్ లేని విమానం కాబట్టి మేఘాల పైకి ఎక్కిపోయి తప్పించుకునే వీలు తక్కువ, పది వేల అడుగుల ప్రాంతంలోనే వాతావరణంతో పాటే పోవాలి. విమానం ఎక్కడుందో రాడార్‌కి చెప్పే ట్రాన్స్‌పాండర్, కొత్త రేడియోలు, దేశదేశానికీ పర్మిషన్లు సరేసరి.

వీటన్నిటికన్నా ముఖ్యమైంది, ఎవరికీ పట్టనిది, కాగితం. విమానంలో ముఖ్యమైన ప్రతి పార్టుకీ లెక్క ఉండాలి, ఎప్పుడు బిగించారు, ఎన్ని గంటలు తిరిగింది, ఎవరు సంతకం పెట్టారు. కాగితం లేని పార్టు కొత్తగా మెరుస్తున్నా దాన్ని బిగించడానికి లేదు. అమెరికాలో ఒక డకోటా సంగతి చెప్తాను, దాని పేరు దట్స్ ఆల్ బ్రదర్. 1944 జూన్ 6న నార్మండీ మీద పారాట్రూపర్లని దింపిన వందల డకోటాలకి ముందు నడిచిన విమానం అది. యుద్ధం అయ్యాక అమ్మేశారు, చేతులు మారింది, అందరూ మర్చిపోయారు. పాత రికార్డుల్లో సీరియల్ నంబరు పట్టుకుని వెతికితే ఓష్‌కోష్‌లో ఒక కంపెనీ యార్డులో దొరికింది, టర్బైన్ ఇంజిన్లు పెట్టి వేరేగా మార్చేయడానికి వరసలో ఉంది. 2015లో దాన్ని కాపాడి, బాగుచేసి 2018లో ఎగిరించారు, 2019లో ఇంకో డజను పైచిలుకు డకోటాలతో కలిసి కెనడా గూస్ బే, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, స్కాట్లండ్ మీదుగా అట్లాంటిక్ దాటించి నార్మండీ 75 ఏళ్ళ సభకి తీసుకెళ్ళారు. ఆ నంబరు రాసిపెట్టిన కాగితమే లేకపోతే ఆ విమానం ఏదో తెలిసేదే కాదు.

మా కాలనీలో ఒకాయన అడిగారు, ఇంత డబ్బు పెట్టి పాత ఇనుము ఎగరేయడం దేనికి, మ్యూజియంలో పెట్టొచ్చు కదా అని. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది, అన్నీ ఎగరక్కర్లేదు, వైజాగ్ బీచ్‌లో నేవీ పాత విమానం టీయూ 142 పెట్టారు, పిల్లలు ఎక్కి చూస్తున్నారు, మంచిదే. కానీ నిలబెట్టిన విమానానికి ఫిట్టర్ అక్కర్లేదు. ఎగిరేదానికే కావాలి. ఒక్క డకోటా ఎగురుతూ ఉంటే ఆ ఇంజిన్ తెలిసిన పదిమంది తయారవుతూ ఉంటారు, చేతి నుంచి చేతికి పోయే పని ఇది, పుస్తకం చదివి రాదు. జేఆర్‌డీ టాటా 1982 అక్టోబర్ 15న 78 ఏళ్ళ వయసులో లెపర్డ్ మాత్ అనే విమానంలో కరాచీ నుంచి బొంబాయికి ఒంటరిగా నడుపుకుంటూ వచ్చారు, 1932లో తపాలా తెచ్చిన దారి అది, యాభై ఏళ్ళు అయిన సందర్భంగా. చెక్క, గుడ్డతో చేసిన ఆ చిన్న విమానాన్ని ఆ రోజుకి సిద్ధం చేసిన చేతులు కూడా ఎవరివో ఉంటాయి కదా సార్.

ఇక హైదరాబాద్ సంగతి. బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ అని ఒక కంపెనీ నడిచింది, నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టారు, నడిపింది డకోటాలే, 1953లో జాతీయం చేసినప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. యుద్ధం అయ్యాక మిగిలిపోయిన మిలిటరీ డకోటాలని బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో ప్యాసింజర్ విమానాలుగా మార్చిన రోజులు అవి. అంటే ఇవాళ ఇంగ్లండ్‌లో ఏడేళ్ళు పట్టిన పని లాంటిది ఆ రోజుల్లో మనవాళ్ళు వరసపెట్టి చేశారు. బేగంపేట హ్యాంగర్లలో పనిచేసిన మెకానిక్కులు, రిగ్గర్లు, టంకం వేసేవాళ్ళు అందరూ మన హైదరాబాద్ పాతబస్తీ, సికింద్రాబాద్ మనుషులే అయ్యుండాలి, వాళ్ళ పిల్లలు, మనవలు ఇప్పటికీ అక్కడే ఉంటారు. వాళ్ళ ఇళ్ళల్లో అటక మీద లాగ్ బుక్కులు, టూల్ లిస్టులు, గ్రూప్ ఫోటోలు ఉండే ఉంటాయి, ఇల్లు మారినప్పుడల్లా పాత పేపర్లతో పాటు తూకానికి పోతున్నాయని నా భయం.

కాబట్టి మీకు నా విన్నపం రెండు ముక్కలు. ఒకటి, మీ హైదరాబాద్ ఎడిషన్లో ఒక చిన్న ప్రకటన వెయ్యండి, డెక్కన్ ఎయిర్‌వేస్‌లో గానీ ఎయిర్ ఫోర్స్ డకోటాల మీద గానీ గ్రౌండ్‌లో పనిచేసినవాళ్ళ కుటుంబాలు ఏ కాగితం ఉన్నా, ఎంత చిరిగినా పారెయ్యకుండా మీ ఆఫీసుకి ఫోటో తీసి పంపమని. వెనకాల పేర్లు రాసి ఉన్న ఫోటోలు ముందు అడగండి, ఆ పేర్లు చదవగలిగినవాళ్ళు ఇంకా కొద్దిమంది ఉన్నారు. రెండోది, బేగంపేటలో వింగ్స్ ఇండియా షో జరిగినప్పుడు పరశురామని ఒకసారి తెప్పించమని ఎయిర్ ఫోర్స్ వాళ్ళకి రాయండి, ఎగిరించి చూపించడంతో పాటు ఒక ఇంజిన్ మీది మూత (కౌలింగ్) తీసి పెట్టి, ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లల్ని నిచ్చెన ఎక్కించి దగ్గరగా చూపించాలి, దాని ఫిట్టర్లతోనే మాట్లాడించాలి. అది జరిగేట్టయితే రైలెక్కి నా సొంత ఖర్చుతో వస్తాను, ఆ పిల్లలకి బ్లేడు ఎలా లాగాలో, ఎక్కడ ఆపాలో నేను చూపిస్తాను.

ఇట్లు,
ఎయిర్ ఫోర్స్ మాజీ ఇంజిన్ ఫిట్టర్,
తెనాలి